వచనం చెప్పండి, అధ్యాయం కూడా చదివించండి: వాక్యం బోధించే వాళ్ళకి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాస్టర్లకి, సంఘ పెద్దలకి, బైబిల్ క్లాసులు నడిపే అన్నలకి అక్కలకి,

వందనాలు. మీలో చాలామంది ఎంత కష్టపడి సేవ చేస్తున్నారో మాకు తెలుసు, దానికి కృతజ్ఞతలు. నేరుగా విషయానికొస్తా.

ఈ సంగతి ముందు బయట పెట్టలేదు. ఆరాధన అయ్యాక పక్కకి పిలిచి అడిగాం, తర్వాత పెద్దలకి కాగితం మీద రాసి ఇచ్చాం, నెలలు గడిచిపోయాయి. అడిగింది కూడా ఏమీ పెద్ద విషయం కాదు, ప్రసంగంలో చెప్పిన ఒక వచనానికి ముందూ వెనకా చదివితే అర్థం వేరేగా కనపడుతోంది, కొంచెం వివరించండి అని అంతే. చివరికి వచ్చిన జవాబు "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్న ఒక్క వచనం, అంటే దేవుని సేవకుల్ని ప్రశ్నించొద్దని. వేరే సంఘాల వాళ్ళతో మాట్లాడితే వాళ్ళకీ ఇదే జవాబు దొరికిందంట. అందుకే ఎవరి పేరూ తీయకుండా అందరికీ కలిపి రాస్తున్నా.

మా బాధ ఒక్కటే. వచనాన్ని దాని చోట నుంచి ఊడబెరికి చెప్తే దెబ్బ తగిలేది చెప్పినవాళ్ళకి కాదు, నమ్మిన మామూలు మనిషికి. ఎలాగో కింద రాస్తున్నా, మీ బైబిల్ పక్కన పెట్టుకుని చదవండి.

1. ముందు మాకు జవాబుగా చెప్పిన ఆ వచనమే తీసుకుందాం. కీర్తన 105:15. దాని ముందు 12వ వచనం నుంచి చదివితే అక్కడున్నది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. కొద్దిమందిగా, పరాయి దేశంలో దిక్కులేకుండా తిరుగుతున్న వాళ్ళకి హాని చేయొద్దని దేవుడు రాజుల్ని గద్దించాడు. ఆదికాండము 20లో అబీమెలెకు రాజు సంగతి గుర్తు తెచ్చుకోండి. అంటే బలం ఉన్నవాళ్ళ చేతి నుంచి బలం లేనివాళ్ళని కాపాడిన మాట అది. దాన్ని తీసుకొచ్చి ప్రశ్న అడిగిన విశ్వాసి నోరు మూయించడానికి వాడుతున్నారు.

తనని తరుముతున్నా సరే, అభిషేకం పొందిన రాజు అని దావీదు సౌలు మీద చెయ్యి వేయలేదు కదా అంటారు. నిజమే, చంపలేదు. కానీ నోరు మూసుకుని కూడా ఊరుకోలేదు, 1 సమూయేలు 24లో గుహ బయటికొచ్చి, కోసిన బట్ట చెంగు చేతిలో పట్టుకుని, నువ్వు నాకు చేస్తున్నది అన్యాయం అని అందరూ వినేలా చెప్పాడు. అదే దావీదు తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. పేతురు అంతటివాడిని పౌలు అందరి ముందూ నిలదీశాడు, గలతీ 2:11 నుంచి చదవండి. ఇక బెరయ ఊరి వాళ్ళయితే పౌలు చెప్పిందే నిజమో కాదో అని "ప్రతిదినమును లేఖనములు పరిశోధించుచు వచ్చిరి", అలా పరిశోధించినందుకు వాళ్ళని ఘనులు అన్నారు (అపొస్తలుల కార్యములు 17:11). పౌలునే సరిచూసుకోవచ్చు గానీ మన ప్రసంగాన్ని సరిచూడకూడదా?

2. ఇది రాయడానికి అసలు కారణం ఇదే. కొడుకుని పోగొట్టుకున్న ఒక తల్లికి, ఆమె మా బైబిల్ క్లాసుకే వస్తుంది, ఓదార్పుగా ఒక వాగ్దానం కార్డు, అంటే ఒక వచనం అచ్చు వేసిన కార్డు, ఇచ్చారు. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు", యోబు 8:7. ఈ వచనం మనందరికీ నోటికొచ్చు, ఎక్కడ చూసినా కనపడుతుంది. ఆమె దేవుడు నాతో ఏదో మాట్లాడాడు అనుకుని ఆ అధ్యాయం తీసి మొదటి నుంచి చదివింది. 4వ వచనంలో ఏముందంటే, నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే దేవుడు వాళ్ళని అప్పగించేశాడేమో అని ఉంది. ఆమె తర్వాత వారం క్లాసుకి వచ్చి అడిగింది, నా బిడ్డ పాపం వల్లే పోయాడా అని. గదిలో ఒక్కరికీ మాట రాలేదు.

ఎవరు చెప్పిన మాట అది? దేవుడు కాదు, యోబూ కాదు, యోబు స్నేహితుడు బిల్దదు. పదిమంది పిల్లల్ని ఒకేరోజు పోగొట్టుకున్న మనిషి ముందు కూర్చుని ఆ బిల్దదు చెప్పిన మాట. యోబు నిర్దోషి అని మొదటి అధ్యాయంలోనే దేవుడు సాక్ష్యం ఇచ్చాడు, చివర్లో 42:7లో ఇంకో స్నేహితుడు ఎలీఫజుతో నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నాకు కోపం వచ్చింది, మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు అన్నాడు. ఆ ఇద్దరిలో బిల్దదు ఒకడు. యోబు చివరికి ఆశీర్వాదం పొందాడు కదా, మాట నెరవేరిందిగా అని ఒక అన్న నాతో వాదించారు. పొందాడు. కానీ బిల్దదు లెక్క ఏంటి, నువ్వు పవిత్రుడివైతేనే దేవుడు నిన్ను తిరిగి నిలబెడతాడు, ఇప్పుడు నలిగిపోతున్నావంటే నీలోనో నీ పిల్లల్లోనో ఏదో తప్పుంది, అదీ 5, 6 వచనాల్లో ఉన్న లెక్క. పుస్తకం మొత్తం ఆ లెక్క తప్పని చెప్పడానికే రాసినట్టు ఉంటుంది. బైబిల్లో ఉన్న ప్రతి మాటా నిజంగా జరిగిందీ, పలికిందీ కావచ్చు, కానీ పలికిన ప్రతివాడితోనూ దేవుడు ఏకీభవించినట్టు కాదు కదా. ఎవరు మాట్లాడుతున్నారో చూడకుండా కార్డు మీద అచ్చు వేస్తే ఆ తల్లికి జరిగినట్టే జరుగుతుంది.

3. యిర్మీయా 29:11. సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు అన్న మాట. ఎంత మంచి మాట, నాకూ చాలా ఇష్టం. కానీ దాన్ని ఈ సంవత్సరం ఉద్యోగం వస్తుంది, వీసా వస్తుంది, అప్పులు తీరతాయి అని చెప్పడానికి వాడుతున్నారు. అది బబులోనుకి చెరగా వెళ్ళినవాళ్ళకి రాసిన ఉత్తరం, క్రీస్తు పూర్వం 597లో యూదా రాజు యెహోయాకీనుతో పాటు తీసుకెళ్ళారే, వాళ్ళకి. పై వచనమే చూడండి, 70 సంవత్సరాలు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రారు. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని తీసుకెళ్ళిన పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అన్నాడు దేవుడు.

దీని ముందు అధ్యాయంలో ప్రవక్తనని చెప్పుకున్న హనన్యా ఉన్నాడు. రెండేళ్ళలో అంతా అయిపోతుంది, మందిరం వస్తువులు వచ్చేస్తాయి, రాజు వచ్చేస్తాడు అని జనం ముందు చెప్పాడు. ఎవరికైనా ఆ ప్రసంగమే నచ్చుతుంది. కానీ దేవుడు పంపింది అతన్ని కాదు. అయ్యగారూ, యిర్మీయా వచనం తీసుకుని హనన్యా వర్తమానం చెప్తున్నామేమో ఒక్కసారి ఆలోచించండి. ఆ రెండేళ్ళు గడిచిపోయి ఏమీ జరగనప్పుడు మామూలు విశ్వాసి నా విశ్వాసమే తక్కువ అనుకుని లోపల్లోపల కుంగిపోతాడు, కొందరు దేవుడే లేడనుకుని వెళ్ళిపోతారు. 70 ఏళ్ళు ఆగాల్సిన వాళ్ళకి కూడా దేవుడు తోడుగా ఉన్నాడు అని చెప్తే అది ఆసుపత్రి మంచం మీద ఉన్నవాళ్ళకీ, ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న వాళ్ళకీ నిజమైన ఆదరణ కదా, దాన్నెందుకు దాచిపెట్టడం.

4. స్వస్థత. దేవుడు బాగుచేయగలడు, ఇందులో నాకు ఏ అనుమానం లేదు, ప్రార్థన చేస్తాం, చేయాలి. కానీ ఆయన పొందిన దెబ్బల వల్ల మనకి స్వస్థత అన్న యెషయా 53:5 ఒక్కటి పట్టుకుని మందులు వేసుకోవడం అవిశ్వాసం అని చెప్పడం వల్ల షుగర్ మందులు, ఫిట్స్ మందులు, డిప్రెషన్ మందులు మధ్యలో ఆపేసేవాళ్ళున్నారు. ఇది ప్రాణాల మీదికొచ్చే విషయం, ఊరికే అభిప్రాయాల తేడా కాదు. అదే వచనాన్ని పేతురు తీసుకుని (1 పేతురు 2:24) పాపాల నుంచి విడుదల గురించి చెప్పాడు. మత్తయి 8:17లో యెషయా 53లోదే ఇంకో మాట స్వస్థతకి వాడారు, అదీ చదవాలి, రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇంకా చూడండి. హిజ్కియా రాజుకి 15 సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడే చెప్పాడు, అయినా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నారు (యెషయా 38:21). ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన గుడ్డలు తీసుకెళ్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19:12లో ఉంది, అదే పౌలు తన తోటివాడు త్రోఫిము రోగియై ఉంటే మిలేతులో వదిలి వచ్చానని రాశాడు (2 తిమోతి 4:20). పౌలు తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బు చేసి చావుకి దగ్గరైపోయాడు. తిమోతికి తరచుగా వచ్చే జబ్బులున్నాయి, కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అని సలహా ఇచ్చాడు. లూకాని ప్రియుడైన వైద్యుడు అన్నాడు. వీళ్ళలో ఎవరికి విశ్వాసం తక్కువ?

5. కానుకలు. దశమభాగం మందిరానికి తెండి, దీవెనలు కుమ్మరిస్తాను అన్న మలాకీ 3:10 ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అదే అధ్యాయం 5వ వచనం, కూలివాళ్ళ జీతం ఎగ్గొట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళనీ తండ్రిలేనివాళ్ళనీ బాధపెట్టేవాళ్ళ మీద దేవుడు సాక్ష్యం చెప్తానంటాడు, అది మాత్రం ఎక్కువ వినపడదు. మొదటి రెండు అధ్యాయాల్లో ఎక్కువ గద్దింపు యాజకులకే. ద్వితీయోపదేశకాండము 14:28, 29లో మూడో సంవత్సరం దశమభాగం లేవీయులతో పాటు పరదేశులు, తండ్రిలేనివాళ్ళు, విధవరాళ్ళు తిని తృప్తిపొందడానికి అని ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. విధవరాలి రెండు కాసుల సంగతి లూకా 21 మొదట్లో ఉంటుంది. మనం అక్కడ మొదలుపెట్టి, చూశారా ఆమె ఉన్నదంతా ఇచ్చింది అంటాం. కానీ దానికి సరిగ్గా పైన, 20వ అధ్యాయం చివరి వచనంలో, విధవరాళ్ళ ఇళ్ళు మింగేసే శాస్త్రుల గురించి యేసు హెచ్చరిస్తున్నాడు. మధ్యలో గీత గీసింది లూకా కాదు. మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఆర్చిబిషప్ చేసిందని చెప్తారు, కొత్త నిబంధనకి ఇప్పుడున్న వచనాల నంబర్లు రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో పెట్టాడు. వెతుక్కోవడానికి చాలా ఉపయోగం, కానీ ఆ నంబర్లు ఎక్కడ ఆగితే మనమూ అక్కడే ఆగిపోకూడదు. గీత తీసేసి చదివితే ఆ విధవరాలి దగ్గర ఆఖరి రెండు కాసులే ఎందుకు మిగిలాయి అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న సంఘంలో రావాలి. అప్పు చేసి కానుక వేసి, ఇంటికెళ్ళి పిల్లల ఫీజు కట్టలేక ఏడ్చేవాళ్ళు మన మధ్యలో ఉన్నారు.

6. భార్యలు. భార్యలు భర్తలకి లోబడాలి అన్న ఎఫెసీ 5:22 చెప్పి, కొట్టే భర్త దగ్గరికి తిరిగి పంపించేస్తున్నారు. 21లో ఒకనికొకడు లోబడమని ఉంది, 25లో క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని ఉంది, 29లో ఎవడూ తన శరీరాన్ని ద్వేషించడు, పోషించి సంరక్షిస్తాడు అని ఉంది. 22 ఒక్కటే చదివి మిగతావి వదిలేస్తే అది ఆమెకి ఉచ్చు అవుతుంది. కొట్టేవాడిని పిలిచి 25 చదివి వినిపించిన పెద్దలు ఎంతమంది? ఇక్కడ ఇంతకన్నా రాయను, బాధితులు మీకే తెలుసు.

ఇలా ముక్కలు చేసి చదవడం ఎంత దూరం వెళ్తుందో చరిత్రలో ఉంది. బానిసల యజమానులు దాసులు యజమానులకి లోబడాలి అన్న ఎఫెసీ 6:5 చదివించేవాళ్ళు, 9వ వచనం యజమానులకి కాబట్టి అది వదిలేసేవాళ్ళు. నోవహు పెట్టిన శాపం ఉన్న ఆదికాండము 9:25 చూపించి నల్లవాళ్ళు శాపగ్రస్తులు అన్నారు, ఆ వచనంలో ఉన్నది కనాను పేరు, ఏ రంగూ లేదు. 1807లో లండన్‌లో, వెస్ట్ ఇండీస్ బానిసల కోసం అని బైబిల్లో ఏరిన భాగాలతో ఒక పుస్తకం అచ్చు వేశారు, అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదలైన కథ లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు అన్న గలతీ 3:28 లేదు. మనం కాగితాలు కత్తిరించట్లేదు, నిజమే, కానీ ఏళ్ళ తరబడి అవే పాతిక ముప్పై వచనాలు చెప్తూ మిగతాది తెరవకపోతే వినేవాళ్ళ చేతికి వచ్చేది కూడా అలాంటి పుస్తకమే కదా.

తేదీల సంగతి కూడా ఒక మాట. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియదని మత్తయి 24:36లో అంత స్పష్టంగా ఉన్నా దానియేలు, ప్రకటన గ్రంథాల్లో అంకెలు కూడి తేదీలు చెప్పారు. అమెరికా బోధకుడు విలియం మిల్లర్‌ని నమ్మినవాళ్ళు 1844 అక్టోబర్ 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు, పంట కోయకుండా వదిలేసినవాళ్ళున్నారు. హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు. రెండుసార్లూ నష్టపోయింది నమ్మిన జనమే. ప్రకటన గ్రంథం రోమా పాలన కింద నలిగిపోతున్న ఏడు సంఘాలకి రాసింది, ముందు వాళ్ళకి ఏం అర్థమై ఉంటుంది అని అడగకుండా నేటి వార్తలతో జోడిస్తే ఎన్ని తేదీలైనా పుడతాయి.

ఇంతకీ ఎలా చదవాలి అంటారా, మీలో చాలామందికి మాకన్నా బాగా తెలుసు, బైబిల్ కాలేజీల్లో నేర్చుకునే వచ్చారు. ఎవరు రాశారు, ఎవరికి, ఏ పరిస్థితిలో? ముందూ వెనకా ఏముంది? మాట్లాడేది ఎవరు? ఇది ఏ రకం రాత, చరిత్రా, పాటా, ఉత్తరమా, ఉపమానమా, సామెతా? ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే సామెతని గ్యారెంటీ లాగా చదివి ఎంతమంది తల్లిదండ్రులు నలిగిపోతున్నారో. బాలుడు నడవాల్సిన త్రోవ నేర్పితే పెద్దవాడైనా తొలగడు అని సామెతలు 22:6 ఉంది కాబట్టి పిల్లాడు దారి తప్పితే పెంపకమే తప్పు అని వాళ్ళ మొహం మీదే అనేస్తున్నారు. సామెత సాధారణంగా జరిగేది చెప్తుంది. సామెతలు 26లో 4వ వచనం మూర్ఖుడికి జవాబివ్వకు అంటుంది, 5వ వచనం ఇవ్వు అంటుంది, అంటే ఏది ఎప్పుడు పనికొస్తుందో వివేకంతో చూసుకోమనే కదా. ఇక యెషయా 1:2లో దేవుడే అంటున్నాడు, నేను పిల్లల్ని పెంచాను, వాళ్ళు నా మీద తిరగబడ్డారు అని. ఆయన పెంపకంలో లోపం ఉందా?

ఆ తర్వాత, ఈ విషయం మీద మిగతా బైబిల్ ఏమంటోంది? అరణ్యంలో యేసుని శోధించినప్పుడు అపవాది వచనం తప్పుగా చదవలేదు, కీర్తన 91 నుంచే చెప్పాడు. యేసు దానికి "మరియొక చోట వ్రాయబడియున్నది" అని ఇంకో లేఖనం పక్కన పెట్టాడు. ఎమ్మాయు దారిలో ఆయనే మోషే దగ్గర మొదలుపెట్టి ప్రవక్తలందరి మీదుగా తన గురించిన సంగతులు వివరించాడు (లూకా 24:27), అంటే మొత్తం చదివి ఆయన దగ్గరికి రావాలి.

"అక్షరము చంపును గాని ఆత్మ జీవింపచేయును", అంత స్టడీ అక్కర్లేదు, ఆత్మ నడిపిస్తాడు అనేవాళ్ళకి ఒక్క మాట. 2 కొరింథీ 3 మొత్తం చదవండి, పౌలు మాట్లాడేది రాతి పలకల మీద చెక్కిన పాత నిబంధనకీ కొత్త నిబంధనకీ తేడా గురించి, చదువుకోవద్దని కాదు. యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్తున్న ఐతియొపీయుడైన నపుంసకుడి రథం దగ్గరికి ఫిలిప్పుని పంపింది ఆత్మే. ఫిలిప్పు వెళ్ళి "నీవు చదువునది గ్రహించుచున్నావా" అని అడిగి, అతని ప్రశ్న విని, అతను చదువుతున్న చోటు నుంచే మొదలుపెట్టాడు. ప్రవక్త ఇది ఎవరి గురించి చెప్తున్నాడు, తన గురించా వేరొకరి గురించా అని అతను అడిగాడు చూడండి, మేం అడిగేది కూడా అచ్చం అలాంటి ప్రశ్నే.

మేం అడిగేవి ఇవి:

1. ప్రసంగానికి ముందు ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం, లేదా కనీసం ఆ భాగం మొత్తం, పైకి చదివించండి. పది నిమిషాలు పట్టనీయండి, పాటలు ఒకటి తగ్గించండి.

2. సంవత్సరానికి కనీసం ఒక పుస్తకం మొదటి నుంచి చివరి వరకు వరుసగా బోధించండి. చిన్నదైనా పర్వాలేదు, ఫిలేమోను ఒకే అధ్యాయం. యోబు తీసుకుంటే ఇంకా మంచిది.

3. నెలకోసారి ప్రశ్నలకి ఒక కూటం పెట్టండి. ఆడవాళ్ళూ యవ్వనస్థులూ భయం లేకుండా అడిగేలా ఉండాలి, కావాలంటే పేరు లేకుండా చీటీ మీద రాసి ఇస్తారు. తెలియకపోతే తెలియదు, చదివి వచ్చే నెల చెప్తాను అనండి, మీ మీద గౌరవం ఏమాత్రం తగ్గదు.

4. వాగ్దానం కార్డులు ఆపేయమని అనట్లేదు. అచ్చు వేసే ముందు ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో ఒకరు కూర్చుని సరిచూడండి. యోబు 8:7 ఈ సంవత్సరం నుంచే తీసేయండి.

5. మందులు ఆపమని, అప్పు చేసి ఇవ్వమని, కొట్టే ఇంటికి తిరిగి వెళ్ళమని వాక్యం పేరుతో ఎవరూ చెప్పకూడదని పెద్దలు కూర్చుని తీర్మానం చేసి సంఘంలో చదివి వినిపించండి. ఇప్పటికే అలా చెప్పి ఉంటే ఆ కుటుంబాల దగ్గరికి మీరే వెళ్ళండి. బోధకులకి మరి కఠినమైన తీర్పు ఉంటుందని యాకోబు 3:1 రాసింది మీకు కొత్త కాదు.

6. ఆ తల్లికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. కార్డు ఇచ్చినవాళ్ళు ఆమె దగ్గరికి వెళ్ళి యోబు 42:7 చదివి, ఆ మాట బిల్దదుదని, దేవుడు దాన్ని ఒప్పుకోలేదని, నీ బిడ్డ పాపం వల్ల పోలేదని చెప్పాలి. ఇది మాత్రం వచ్చే కూటం దాకా ఆపకండి, ఈ వారంలోనే వెళ్ళండి.

ఇట్లు,
ప్రభువునందు,
బైబిల్ క్లాసులో ఒక విశ్వాసి